ఒకే గుండె, మూడు లెక్కలు: ఆడే పిల్లల ఎకోలో ఒంటి కొలత దేనితో కట్టాలి?

మొన్న వేసవిలో గుంటూరు దగ్గరి పల్లె నుంచి ఒకాయన, కబడ్డీ ఆడే కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో రెండు ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టులు. పది రోజుల తేడాతో రెండు చోట్ల తీయించినవి. మొదటి దాంట్లో ఎడమ జఠరిక, అంటే ఒంటికి రక్తం తోడే గుండె గది, మామూలుగానే ఉందని రాశారు. రెండో దాంట్లో కండరం పెరిగిందని, ఆట ఆపి కార్డియాలజిస్టుకు చూపించమని రాశారు. "పది రోజుల్లో గుండె ఉబ్బుద్దా బాబూ?" అని అడిగాడాయన.

రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. గుండె కండరం బరువు రెండు చోట్లా 185 గ్రాములే. తేడా అంతా రిపోర్టు పై వరుసలో ఉంది. ఒకచోట పిల్లాడి బరువు 58 కిలోలు, ఇంకోచోట 54.5. ఎత్తు రెండింట్లోనూ 165 సెం.మీ. అదే 185 గ్రాములను 58 కిలోల ఒంటి ఉపరితలానికి లెక్కకడితే చదరపు మీటరుకు 113.5 గ్రాములు, 54.5 కిలోల ఒంటికి కడితే 117. అబ్బాయిలకు 'మామూలు' గీత 115 దగ్గర గీస్తారు. గుండె కదల్లేదు, గీత దాటింది మాత్రం అంకె.

"54.5 ఎక్కడిది నాన్నా?" అంటే కుర్రాడు నేల చూపులు చూశాడు. జట్టు తూకం చీటీలోని అంకె అది. బరువు పరిమితి దాటకూడదని రెండు రోజులు అన్నం, నీళ్లు తగ్గించి, మే నెల ఎండలో స్వెట్టర్ వేసుకుని పరిగెత్తి తెచ్చుకున్నాడు. ఎకో ఫారంలోనూ అదే రాసేశాడు.

నేను విజయవాడ సూర్యారావుపేటలో ఎకో టెక్నీషియన్‌ని. స్టేడియం నుంచి, అకాడమీల నుంచి వచ్చే పిల్లలను చూస్తూ చూస్తూ తెలిసిందేమిటంటే, వాళ్ల రిపోర్టుల్లో గొడవ ఎక్కువగా గుండె దగ్గర రాదు, గుండె కొలతను దేనితో భాగించామన్న దగ్గర వస్తుంది. భాగించడానికి నాలుగైదు దారులున్నాయి. ఏది ఎవరికి సరిపోతుందో కోచ్‌లకు, తల్లిదండ్రులకు, కొత్తగా ఎకో పట్టుకుంటున్న తమ్ముళ్లకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఒక మాట ముందే. ఆడుతూ ఆడుతూ పిల్లాడు స్పృహ తప్పినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయినా, ఈ లెక్కల కోసం ఆగొద్దు. ఆట ఆపి, ఈసీజీ తీయించి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. రిపోర్టులో అంకె ఎంత బాగున్నా సరే.

## అసలు భాగించడం ఎందుకు?

పెద్ద ఒంటికి పెద్ద గుండె కావాలి. ఏళ్ల తరబడి ఈత కొట్టే పిల్లకు, పరిగెత్తే పిల్లాడికి గుండె గదులు కొంచెం పెద్దవవుతాయి, గోడలు కొంచెం మందమవుతాయి. అది రోగం కాదు. హైపర్ట్రోఫిక్ కార్డియోమయోపతి అనే జబ్బులోనూ గోడ మందమవుతుంది, సుమారు 500 మందిలో ఒకరికి ఉండే జబ్బు అది. ఈ మూడింటినీ విడదీయాలంటే ముందు ఒంటి వాటా తీసేయాలి. ఆ వాటా తప్పుగా తీస్తే మిగిలినదంతా తప్పే.

## దారి ఎంచుకునే ముందు

నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను.

గుండెలో ఏం కొలిచాం? గది వెడల్పు ఒక పొడవు. కవాటం విస్తీర్ణం ఒక వైశాల్యం. కండరం ఒక బరువు. మూడింటికీ ఒకే హారం పెట్టకూడదు. 130 సెం.మీ. పిల్లాడికి గది వెడల్పు 42 మి.మీ. అనుకోండి, ఒంటి వైశాల్యం 0.97 చ.మీ. నేరుగా భాగిస్తే 43 వస్తుంది. 182 సెం.మీ. కుర్రాడికి వెడల్పు 52, వైశాల్యం 1.71. భాగిస్తే 30. చిన్నవాడి గుండె ఉబ్బినట్టు, పెద్దవాడిది కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి పొడవులు వైశాల్యపు వర్గమూలంతో పెరుగుతాయి. దానితో భాగిస్తే 42.6, 39.8. ఇద్దరూ దగ్గరికొచ్చేశారు. వెడల్పును నేరుగా చదరపు మీటర్లతో భాగించిన అంకె పిల్లల రిపోర్టులో కనిపిస్తే నేను దాన్ని పట్టించుకోను.

రెండోది, ఈ దారికి కొవ్వు, కండ వేరువేరుగా కనిపిస్తాయా? గుండె రక్తం తోడేది ఎక్కువగా కండకు, లోపలి అవయవాలకు. కొవ్వుకు అంత అక్కర్లేదు.

మూడోది, మన అంకెను ఏ పట్టికతో పోల్చబోతున్నాం, ఆ పట్టికను ఏ సూత్రంతో తయారు చేశారు? అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

నాలుగోది, టేపు, తూకం కొంచెం తప్పితే జవాబు ఎంత తప్పుతుంది?

## మొదటి దారి: ఒంటి ఉపరితల వైశాల్యం, అంటే బీఎస్ఏ

రిపోర్టు పైన బీఎస్ఏ అని కనిపించేది ఇదే. ఎత్తు, బరువు ఇస్తే మెషీన్ లెక్కకట్టేస్తుంది. కాకపోతే ఏ సూత్రంతో కట్టిందో చాలామంది చూడరు. సూత్రాలు చాలా ఉన్నాయి, మనకు ఎదురయ్యేవి ముఖ్యంగా మూడు.

డ్యూబోయిస్ సూత్రం 1916 నాటిది. కేవలం 9 మంది ఒంటి కొలతల మీద కట్టారు. నూరేళ్లు దాటినా పెద్దల ఎకోల్లో ఇంకా నడుస్తూనే ఉంది. హేకాక్ సూత్రం 1978లో వచ్చింది, పసిపిల్లల నుంచి పెద్దల దాకా 81 మందిని కొలిచి కట్టింది. పిల్లల ఎకోకు అమెరికన్ ఎకోకార్డియోగ్రఫీ సొసైటీ 2010లో సూచించింది దీన్నే. మోస్టెలర్ సూత్రం 1987ది. ఎత్తును సెంటీమీటర్లలో, బరువును కిలోల్లో తీసుకుని గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీస్తే అయిపోయింది. ఫోన్‌లోని కాలిక్యులేటర్ చాలు.

ముగ్గురు పిల్లలకు మూడూ కట్టి చూపిస్తాను. అంకెలు చ.మీ.లో.

| పిల్లలు | ఎత్తు, బరువు | డ్యూబోయిస్ | మోస్టెలర్ | హేకాక్ |
|---|---|---|---|---|
| పదేళ్ల జిమ్నాస్ట్ | 130 సెం.మీ., 26 కిలోలు | 0.98 | 0.97 | 0.96 |
| పొడుగ్గా సన్నగా ఉండే వాలీబాల్ కుర్రాడు | 182 సెం.మీ., 58 కిలోలు | 1.76 | 1.71 | 1.70 |
| షాట్‌పుట్ వేసే బొద్దు కుర్రాడు | 165 సెం.మీ., 95 కిలోలు | 2.02 | 2.09 | 2.13 |

జిమ్నాస్ట్ దగ్గర తేడా లెక్కలోకి రాదు. మామూలు ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్లలకు ఏది వాడినా ఫర్వాలేదు. చివరి రెండు వరుసల్లో మాత్రం సూత్రాల వరస తిరగబడింది చూడండి. పొడుగాటి సన్నటి కుర్రాడికి డ్యూబోయిస్ పెద్ద ఒళ్లు ఇస్తుంది. ఒళ్లు పెద్దదైతే దానికి 'తగిన' గుండె కూడా పెద్దదవుతుంది. అంటే వాడి బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం) మొదలు నిజంగానే కొంచెం ఉబ్బి ఉంటే, డ్యూబోయిస్ దాన్ని మామూలులోకి తోసేస్తుంది. బొద్దు కుర్రాడి విషయంలో అదే పని హేకాక్ చేస్తుంది.

ఇది ఊరికే లెక్కల సరదా కాదు. పొడుగ్గా, సన్నగా, చేతులు మరీ బారుగా ఉండే పిల్లల్లో మార్ఫాన్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉండే అవకాశం ఉంది. అందులో బృహద్ధమని మొదలు సాగిపోతుంది. 1984 ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన అమెరికా వాలీబాల్ జట్టులోని ఫ్లో హైమన్ 1986 జనవరిలో జపాన్‌లో మ్యాచ్ జరుగుతుండగా కూలిపోయి చనిపోయింది. కారణం ఇదే జబ్బు, బతికుండగా ఎవరూ కనిపెట్టలేదు. వాలీబాల్, బాస్కెట్‌బాల్ కోచ్‌లు ఇలాంటి పిల్లలను ఏరి మరీ జట్టులోకి తీసుకుంటారు కదా. అందుకే వాళ్లకు ఎకో తీసేటప్పుడు చేతుల బారు కూడా కొలుస్తాను. బారు ఎత్తు కన్నా 5 శాతం పైగా ఎక్కువుంటే రిపోర్టులో రాసి డాక్టరుకు చెబుతాను.

బీఎస్ఏలో ఇంకో పెద్ద లోపం ఉంది, దానికి కొవ్వూ కండా ఒకటే. దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

## జెడ్ స్కోరు ఉంటే ఈ గొడవ ఉండదు కదా?

ఉంటుంది. జెడ్ స్కోరు అంటే అదే సైజు ఒళ్లున్న ఆరోగ్యవంతులైన పిల్లల సగటుకు మన పిల్లాడి కొలత ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె. సున్నా అంటే సరిగ్గా సగటు. +2 దాటేవాళ్లు ఆరోగ్యవంతుల్లోనే నూటికి ఇద్దరు ముగ్గురు ఉంటారు, కాబట్టి +2.1 కనిపించగానే గుండెలు బాదుకోనక్కర్లేదు. పిల్లల ఎకోకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదు, పొడవుకూ వైశాల్యానికీ బరువుకూ వేరువేరుగా లెక్క కట్టిపెట్టి ఉంటుంది కాబట్టి.

కానీ ఆ పట్టిక వెనక ఒక సూత్రం ఉంటుంది. అమెరికాలోని పీడియాట్రిక్ హార్ట్ నెట్‌వర్క్ 2017లో ఇచ్చిన పట్టికలకు 3,215 మంది ఆరోగ్యవంతులైన పిల్లలను కొలిచారు, ఒంటి వైశాల్యం హేకాక్‌తో కట్టారు. మన మెషీన్ డ్యూబోయిస్‌తో కట్టిన 1.76 తీసుకెళ్లి ఆ పట్టికలో వెతికితే, పెసర సోలతో కొలిచి బియ్యం సోలతో లెక్కచెప్పినట్టే. ఏ పట్టిక వాడుతున్నారో ఆ పట్టిక సూత్రమే మెషీన్ సెట్టింగుల్లో పెట్టాలి. ఐదు నిమిషాల పని. చేయించుకోని ల్యాబులు విజయవాడ, గుంటూరు రెండు ఊళ్లలోనూ ఉన్నాయి, మాదీ చాలా ఏళ్లు అలాగే ఉంది.

ఆ 3,215 మందీ ఉత్తర అమెరికా పిల్లలే. ఒకే బీఎంఐ (ఎత్తుకు ఎంత బరువో చెప్పే అంకె) దగ్గర మనవాళ్లకు కొవ్వు కాస్త ఎక్కువ, కండ కాస్త తక్కువ ఉండటం మామూలు. పట్టికను నెత్తిన పెట్టుకుని ఊరేగించకుండా, గీత దగ్గర్లో ఉన్న పిల్లలను ఇంకో దారిలో కూడా చూడాలనడానికి ఇదొక కారణం.

## రెండో దారి: ఎత్తు ఒక్కటే

బరువు అబద్ధం చెబుతుంది, ఎత్తు అంత తేలిగ్గా చెప్పదు. ఈ ఆలోచనతోనే 1992లో డి సిమోన్ బృందం గుండె కండరం బరువును ఎత్తుతో కట్టింది. ఎత్తును మీటర్లలో తీసుకుని, దానికి 2.7 ఘాతం వేసి, కండరం బరువును దానితో భాగిస్తారు. 165 సెం.మీ. కుర్రాడికి ఆ హారం 3.87. మన కబడ్డీ కుర్రాడి 185 గ్రాములను భాగిస్తే 47.9. తూకం చీటీ అబద్ధమైనా నిజమైనా ఇది మారదు. బరువు పరిమితి ఉన్న ఆటల్లో, అంటే కబడ్డీ, బాక్సింగ్, రెజ్లింగ్, వెయిట్‌లిఫ్టింగ్ ఆడే పిల్లలకు ఈ లెక్క తప్పకుండా పక్కన ఉండాలి.

మరి 47.9 ఎక్కువా, తక్కువా? ఇక్కడే టెన్షన్. పిల్లల్లో నూటికి 95 మంది లోపలే ఉండే గీత 38.6 అని ఒక లెక్క. పిల్లల బీపీ మీద అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, 8 ఏళ్లు దాటిన పిల్లలకు గీత 51. (అందులోనే, బీఎస్ఏ లెక్కలో అబ్బాయిలకు 115, అమ్మాయిలకు 95.) మొదటి గీతతో చూస్తే కుర్రాడు దాటేశాడు, రెండో గీతతో చూస్తే ఇంకా దూరంలోనే ఉన్నాడు. పైగా ఈ గీతలేవీ ఆటగాళ్ల కోసం గీసినవి కావు. రోజూ రెండు పూటలా సాధన చేసే పిల్లాడు 38.6 దాటడం వింతేమీ కాదు.

ఎత్తు దారికి ఇంకో రెండు చిక్కులున్నాయి. తొమ్మిదేళ్ల లోపు పిల్లల్లో ఈ అంకె వయసుతో పాటు మారిపోతూ ఉంటుంది, ఒకే గీత పనికిరాదు. ఇంకోటి, 2.7 ఘాతం వేయడం వల్ల ఎత్తులో చిన్న తప్పు కూడా దాదాపు మూడింతలవుతుంది. మనవాళ్లు ఎత్తు అడుగుల్లో చెబుతారు. "ఐదూ ఎనిమిది" అంటారు. అంటే 172.7 సెం.మీ. ఫారంలో 5.8 అని రాస్తే, కంప్యూటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి దాన్ని 5.8 అడుగులుగా కొట్టి 176.8 చేస్తుంది. నాలుగు సెంటీమీటర్లే కదా అనుకుంటాం. గుండె లెక్కలో 6 శాతం పైగా పోయినట్టే.

## మూడో దారి: కొవ్వు తీసేసిన ఒళ్లు

నా దృష్టిలో న్యాయమైన లెక్క ఇది. 1995లో డేనియల్స్ బృందం పిల్లల్లో గుండె కండరం బరువు దేన్ని బట్టి మారుతోందో చూసింది. కొవ్వు, బీపీ, యుక్తవయసు మార్పులు అన్నీ లెక్కలోకి తీసుకున్నాక అన్నిటికన్నా బలంగా నిలిచింది కొవ్వు లేని ఒంటి బరువే.

ఎందుకు న్యాయమో ఒక పట్టికలో చూపిస్తాను. ముగ్గురూ 165 సెం.మీ. ఎత్తే. ముగ్గురి గుండె కండరమూ 150 గ్రాములే. ఒళ్లు మాత్రం వేరు.

| | పరుగు పందెం కుర్రాడు | వెయిట్‌లిఫ్టర్ | బొద్దు కుర్రాడు |
|---|---|---|---|
| బరువు | 52 కిలోలు | 70 కిలోలు | 80 కిలోలు |
| కొవ్వు | 12 శాతం | 15 శాతం | 33 శాతం |
| కొవ్వు లేని ఒళ్లు | 45.8 కిలోలు | 59.5 కిలోలు | 53.6 కిలోలు |
| బీఎస్ఏతో (గ్రా./చ.మీ.) | 97 | 84 | 78 |
| ఎత్తుతో (2.7 ఘాతం) | 38.8 | 38.8 | 38.8 |
| కొవ్వు లేని ఒంటితో (గ్రా./కిలో) | 3.28 | 2.52 | 2.80 |

బీఎస్ఏ బొద్దు కుర్రాడికి మంచి మార్కులు వేసేసింది. ఒంటి మీదున్న కొవ్వే గుండెను చిన్నదిగా చూపించింది. కిలో కండకు ఎంత గుండె ఉందని అడిగితే వాడు లిఫ్టర్ కన్నా పైకొచ్చాడు. ఎత్తు లెక్క ముగ్గురినీ ఒకే గాటన కట్టేసింది, లిఫ్టర్ పెంచుకున్న కండ దానికి కనిపించదు. మూడు లెక్కలూ తప్పు కాదు. మూడూ వేరువేరు ప్రశ్నలకు జవాబులు.

ఇంత మంచిదైతే అందరూ ఎందుకు వాడరంటే, కొలవడం కష్టం. కొవ్వును, కండను విడివిడిగా చూపే డెక్సా స్కాన్ ఖర్చుతో కూడుకున్నది, ఏటా రెండుసార్లు పిల్లలను పంపేంత తాహతు ఏ అకాడమీకి ఉంది? జిమ్‌లో నిలబడితే చీటీ ఇచ్చే మెషీన్ ఒంట్లో నీటిని బట్టి చెబుతుంది. విజయవాడ వేసవిలో సాధన ముగించి చెమటలు కక్కుతూ వచ్చి దాని మీద నిలబడితే దాని మాట నమ్మలేం. పొద్దున్నే, సాధనకు ముందు, నీళ్లు మామూలుగా తాగి ఉన్నప్పుడు, ప్రతిసారీ అదే మెషీన్ మీదైతే కొంత నయం.

మనకు అందుబాటులో ఉన్నది చర్మపు మడత కొలిచే పట్టకారు, కాలిపర్ అంటారు. జబ్బ వెనక, పిక్క లోపలివైపు చర్మాన్ని మడతపట్టి కొలుస్తారు. స్లాటర్ బృందం 1988లో ఇచ్చిన సూత్రంలో అబ్బాయిలకు ఆ రెండు మడతల మొత్తాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని 0.735తో గుణించి 1 కలపాలి. జబ్బ 8, పిక్క 9 వస్తే కొవ్వు సుమారు 13.5 శాతం. అమ్మాయిలకు అంకెలు వేరు. చేయి తిరిగినవాళ్లు కొలవాలి, ఒకే పిల్లాడిని ఎప్పుడూ ఒకే మనిషి కొలవాలి. అమ్మాయిలను మహిళా కోచ్ గానీ నర్సు గానీ, పక్కన ఇంకొకరు ఉండగా కొలవాలి.

కొలవకుండా ఎత్తు, బరువుల నుంచే కండ లెక్కకట్టే సూత్రాలూ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వాటితో జాగ్రత్త. బోయర్ సూత్రం (1984) పెద్దవాళ్లది. ఇందాకటి పదేళ్ల జిమ్నాస్ట్ అబ్బాయే అనుకుని దాంట్లో వేయండి: 0.407ను 26తో, 0.267ను 130తో గుణించి, కలిపి, 19.2 తీసేస్తే 26.1 కిలోలు. పిల్లాడి మొత్తం బరువే 26. కొవ్వు సున్నా కన్నా తక్కువ! పిల్లలకు పిల్లల కోసం కట్టిన సూత్రాలే వాడాలి, లేదంటే ఈ దారి వదిలేయాలి.

## గోడ మందానికి వేరే పద్ధతి

ఒకదాన్ని మాత్రం ఒంటితో భాగించి మురిసిపోకూడదు. అది గోడ మందం. 2002లో బ్రిటన్‌లో శర్మ బృందం 720 మంది జూనియర్ క్రీడాకారులను చూస్తే గోడ 12 మి.మీ. దాటినవాళ్లు ముగ్గురే. వాళ్లకు గది కూడా పెద్దగా ఉంది. ఆటతో పెరిగిన గుండెలో గోడా, గదీ కలిసి పెరుగుతాయి. గోడ మందంగా ఉండి గది చిన్నగా ఉంటే, ఒళ్లు ఎంత పెద్దదైనా డాక్టరు దాన్ని వేరే కంటితో చూస్తారు. "వాడు ఆరడుగులు కదా సార్, అంతే ఉంటుందిలే" అని కోచ్‌లు సర్దిచెప్పబోతారు. ఇక్కడ ఆ మాట చెల్లదు.

## మరి ఎవరికి ఏది?

మామూలు ఒడ్డూ పొడుగూ ఉన్న క్రికెటర్, బ్యాడ్మింటన్ పిల్ల, ఆర్చర్, ఈతగాడు: హేకాక్ బీఎస్ఏ, దానికి సరిపోయే పట్టికతో జెడ్ స్కోరు. అంతే, ఇంకేమీ వద్దు.

బరువు పరిమితి ఆటల పిల్లలకు అదే, కానీ తూకం మా ఎదుటే చూడాలి. పోటీకి ముందు వారంలో ఎకో పెట్టుకోవద్దు. ఎత్తు లెక్క పక్కన రాయించుకోండి. రెండూ ఒకే మాట చెబితే సరే. వేరు మాటలు చెబితే కొవ్వు కొలిపించండి.

బొద్దుగా ఉండి త్రోలు వేసేవాళ్లు, లిఫ్టింగ్ పెద్ద బరువుల వాళ్లు: బీఎస్ఏ ఒక్కదాన్నే నమ్మొద్దు. వీళ్లకే కొవ్వు లేని ఒంటి లెక్క నిజంగా పనికొచ్చేది. ఉమ్మడి గుంటూరు జిల్లా స్టువర్టుపురం నుంచి రాగాల వెంకట రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం తెచ్చాక ఈ చుట్టుపక్కల బార్‌బెల్ పట్టిన పిల్లలు తక్కువేమీ లేరు. కాలిపర్ ఒకటి కొని పెట్టుకోవడం ఏ అకాడమీకైనా బరువు కాదు.

పొడుగు సన్నటి పిల్లలకు గుండె కండరం కన్నా బృహద్ధమని ముఖ్యం. హేకాక్‌తో జెడ్ స్కోరు, చేతుల బారు, ఇంట్లోవాళ్ల ఆరోగ్య చరిత్ర. డ్యూబోయిస్‌తో 'మామూలే' అని వచ్చిన పాత రిపోర్టు ఉంటే మళ్లీ లెక్క కట్టించండి, ఎకో మళ్లీ తీయనక్కర్లేదు.

పెరిగే వయసు పిల్లల సంగతి వేరు. అమ్మాయిలు పన్నెండు, అబ్బాయిలు పద్నాలుగు ఏళ్లప్పుడు గబగబా పొడుగవుతారు. ఒకే క్లాసులో ఒకడు మీసాలతో, ఒకడు పాలబుగ్గలతో కనిపించే వయసది. అప్పటి ఒక్క అంకె కన్నా ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ తీసిన అంకెతో పోల్చడం మేలు, అదే సూత్రంతో, కుదిరితే అదే ల్యాబులో. ఇంకో సున్నితమైన మాట. టోర్నమెంటు కోసం వయసు ఒకటి రెండేళ్లు తగ్గించిన సర్టిఫికెట్ ఉంటే అది మీకూ అసోసియేషన్‌కూ మధ్య వ్యవహారం. డాక్టరుకు మాత్రం అసలు వయసే చెప్పండి.

## టేపు దగ్గరే సగం పని

ఏ దారి ఎంచుకున్నా కొలత తప్పితే బూడిదలో పోసిన పన్నీరే. చెప్పులు, సాక్సులు తీయించి, మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనించి, చూపు నేరుగా పెట్టించి, ఎత్తు సెంటీమీటర్లలోనే రాయాలి. అమ్మాయిల జడ, కొప్పు అడ్డం రాకుండా చూడాలి. పొద్దుటి ఎత్తు కన్నా సాయంత్రానికి సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది, కాబట్టి ప్రతిసారీ ఒకే పూట కొలవడం మంచిది. తూకానికి బూట్లు, బెల్టు, జేబులో ఫోను తీయించాలి. బరువులో 5 శాతం తప్పితే బీఎస్ఏలో రెండున్నర శాతమే పోతుంది. అందుకని బద్ధకించొద్దు, గీత పక్కనున్న పిల్లాడికి ఆ రెండున్నరే చాలు.

మా వైపు తప్పూ తక్కువేం కాదు. గోడలు 9 మి.మీ., గది 48 మి.మీ. అని కొలిస్తే కండరం 148 గ్రాములు వస్తుంది. కర్సర్ కొంచెం జారి గోడలు 10, 10 అని పడితే 170. ఒక్క మిల్లీమీటరు తేడాకు 15 శాతం. సూత్రాల మీద వాదించుకునే ముందు ఆ గీతలు ఎక్కడ పెట్టామో ఇంకోసారి చూసుకోవాలి, నేనైతే గీత దగ్గరి పిల్లలకు మూడుసార్లు కొలిచి సగటు తీస్తాను.

కబడ్డీ కుర్రాడిని పోటీలయ్యాక రెండు వారాలు బాగా తిని రమ్మన్నాం. గోడ 10 మి.మీ., గది దానికి తగ్గట్టే పెద్దది, ఈసీజీ బాగుంది, ఇంట్లో ఎవరికీ గుండె జబ్బు చరిత్ర లేదు. డాక్టరు గారు ఆడుకోమన్నారు, ఏడాదికి మళ్లీ రమ్మన్నారు. వెళ్తూ వెళ్తూ వాళ్ల నాన్న పాత రిపోర్టులు రెండూ చించేయబోతే ఆపాను. రెండో దాని మీద 54.5 పక్కన పెన్నుతో 'జట్టు తూకం చీటీ నుంచి' అని రాసి, మూడూ ఒకే ఫైల్లో పెట్టి ఇచ్చాను.